కాస్ట్రాటోల గొంతు నిజంగా ఎలా ఉండేది? ఆ పిల్లల్ని అలా ఎందుకు చేశారు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. "చివరి కాస్ట్రాటో పాట అని యూట్యూబ్‌లో విన్నాను. ఏడుస్తున్నట్టుంది, అక్కడక్కడ శ్రుతి కూడా తప్పింది. యూరప్ అంతా ఊగిపోయింది ఈ గొంతుకేనా? ఆడగొంతుకీ దీనికీ తేడా ఏమిటి? కన్నవాళ్లు దీనికి ఎలా ఒప్పుకున్నారు?" అని అడిగారు. నేను చెవి, ముక్కు, గొంతు డాక్టర్ని. 22 ఏళ్ల ప్రాక్టీసులో సగానికి పైగా పాడేవాళ్ల గొంతులతోనే గడిచింది. చిన్నప్పుడు చర్చి క్వయర్‌లో పాడిన అలవాటు కొద్దీ ఈ చరిత్ర మీద పడ్డాను, ఇప్పటికీ వదల్లేదు. అందుకని జవాబు కాస్త పొడవే అవుతుంది. కాస్ట్రాటో అంటే, గొంతు మారకుండా ఉండాలని చిన్నప్పుడే వృషణాలు తీసేసిన మగ గాయకుడు.

మొదట మీరు విన్న పాట సంగతి చూద్దాం. అది అలెస్సాండ్రో మొరెస్కీ పాడిన 'ఆవే మరియా' అయ్యుంటుంది. జర్మన్ స్వరకర్త బాక్ వాద్య రచన మీద ఫ్రెంచి స్వరకర్త గూనో కట్టిన పాట, 1904లో రోమ్‌లో రికార్డు చేశారు. కాస్ట్రాటో ఒక్కడే పాడగా మనకి మిగిలిన గొంతు ఈయనదే. 1902 ఏప్రిల్‌లో ఒకసారి, 1904లో మరోసారి గ్రామఫోన్ కంపెనీ వాళ్లు వచ్చి ఆయన చేత పాడించుకున్నారు. మొదటిసారి ఆ పని చేసిన గైస్‌బర్గ్ సోదరుల్లో ఫ్రెడ్ అదే నెలలో మిలాన్‌లో ఒపేరా గాయకుడు కరూసో పాటలు పట్టాడు, అదే ఏడాది నవంబర్లో కలకత్తా వచ్చి హిందుస్తానీ గాయని గౌహర్ జాన్ చేత పాడించాడు. ఆవిడ పాత ప్లేట్లు ఎప్పుడైనా విని ఉంటే, ఆ గరగరలోంచి అసలు గొంతును ఊహించుకోవడానికి ఎంత తంటాలు పడాలో మీకు తెలుసు. మొరెస్కీ విషయంలోనూ అంతే.

అప్పటికి మైకు లేదు. పెద్ద రేకు బూరాలోకి మొహం పెట్టి పాడాలి. ఆ ధ్వని ఊపుకే సూది కదిలి మైనం మీద గీత గీస్తుంది. గట్టిగా పాడితే సూది ఎగిరి గీత పాడవుతుంది, మెల్లగా పాడితే అసలు గీతే పడదు. సన్నటి పైస్థాయి గొంతుకి మెరుపునిచ్చే సూక్ష్మ ధ్వనులన్నీ ఆ బూరాలోనే ఆగిపోయేవి. మూడు నాలుగు నిమిషాల్లో పాట అయిపోవాలి, తప్పు పడితే దిద్దే వీల్లేదు. అప్పటికి మొరెస్కీకి 45 ఏళ్లు. వాటికన్‌లో పోప్ ప్రార్థనాలయమైన సిస్టీన్ చాపెల్‌లో 20 ఏళ్లుగా పాడుతున్న మనిషి, ఎప్పుడూ ఒపేరా, అంటే పాటలతో నడిచే నాటకం, వేదిక ఎక్కలేదు.

ఇక ఏడుపు. ఆయన చాలా స్వరాల్ని నేరుగా అందుకోడు. కిందెక్కడో స్వరాన్ని ఒక్క క్షణం తాకి పైదానికి ఎగురుతాడు. మన చెవికి అది వెక్కిలిలా తగులుతుంది. ఆయన గొంతులో లోపం వల్ల వచ్చింది కాదది, ఆ తరం వాళ్లు భక్తిని, కన్నీటిని అలాగే పలికించేవారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ వినండి. వెక్కిలి అయిపోయాక స్వరం నిలబడే చోట మాత్రమే వినండి. గరగర వెనకాల, పిల్లాడికి ఉండనంత ఊపిరి, ఆడగొంతుకి ఉండని ఒక గట్టిదనం వినిపిస్తాయి. నాకు అది పట్టుబడటానికి చాలా రోజులే పట్టింది. పట్టుబడిన రోజు రాత్రి నిద్రపట్టలేదు.

ఆ గట్టిదనం ఎక్కడిదో శరీరం వైపు నుంచి చెబుతాను.

నా దగ్గరికి వచ్చే పదేళ్ల పిల్లాడి గొంతులో కెమెరా పెట్టి చూస్తే స్వరతంత్రులు పొట్టిగా, పల్చగా, ముత్యంలా తెల్లగా కనిపిస్తాయి. అదే పిల్లాడు 16 ఏళ్లకి మళ్లీ వస్తే గుర్తుపట్టలేం. వృషణాల్లో తయారయ్యే టెస్టోస్టెరాన్ వల్ల స్వరపేటిక ముందుకి పొడుచుకొస్తుంది, తంత్రులు పొడవై మందమవుతాయి. ఎదిగిన మగవాడు మాట్లాడుతుంటే అవి సెకనుకి సుమారు 100 నుంచి 130 సార్లు కొట్టుకుంటాయి, ఆడవాళ్లలో సుమారు 200 సార్లు. చిన్నపిల్లల్లో ఇంకా ఎక్కువ. ఏడెనిమిదేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు వృషణాలు తీసేస్తే ఈ మార్పేదీ జరగదు. తంత్రులు పిల్లాడివిగానే ఉండిపోతాయి.

కానీ మిగతా ఒళ్లు పెరగడం మానదు. పైగా మామూలుకంటే ఎక్కువ కాలం పెరుగుతుంది. ఎముకల చివర ఎదుగుదల పలకలు మూసుకోవాలంటే ఆ హార్మోన్లే కావాలి. అవి లేకపోతే పలకలు ఆలస్యంగా మూసుకుంటాయి. కాళ్లూ చేతులూ సాగుతాయి, పక్కటెముకలు సాగి ఛాతీ విశాలమవుతుంది. నోరు, గొంతు వెనక గది పెద్దవాడి కొలతకి వస్తాయి. పిల్లాడి తంత్రుల్ని ఇంత పెద్ద ఊపిరితిత్తులు ఊదుతుంటే, ఇంత పెద్ద నోట్లోంచి ఆ నాదం మోగుతుంటే వచ్చే ధ్వనికి ప్రకృతిలో సాటి లేదు. మీరు అడిగిన తేడా ఇదే.

ఇక్కడ రెండు విషయాలు కలిపేసుకోకండి. ఇవాళ కౌంటర్‌టెనర్లు అని వినిపించే గాయకులు, ఫిలిప్ జారుస్కీ లాంటివాళ్లు, మామూలు మగవాళ్లే. ఎదిగిన తంత్రుల అంచుల్ని మాత్రమే కదిలిస్తూ దొంగగొంతుతో పైస్థాయిలో పాడతారు. దానికి గొప్ప సాధన కావాలి, కానీ యంత్రం వేరు. రెండోది, 'మా అబ్బాయికి 18 వచ్చినా గొంతు మారలేదు' అని సిగ్గుతో తల దించుకుని వచ్చే తల్లిదండ్రుల్ని తరచూ చూస్తుంటాను. వాళ్లలో ఎక్కువమందికి స్వరపేటిక చక్కగా ఎదిగే ఉంటుంది, పాత గొంతుతో మాట్లాడే అలవాటు పోదు, అంతే. కొన్ని సిట్టింగుల వాయిస్ థెరపీతో బాగవుతుంది. ఎవరింట్లోనైనా అలాంటి పిల్లాడుంటే ఎగతాళి చెయ్యకుండా డాక్టర్‌కి చూపించండి.

కన్నవాళ్లు ఎలా ఒప్పుకున్నారన్న ప్రశ్నకి జవాబు చర్చితో మొదలవుతుంది. సంఘములలో స్త్రీలు మౌనముగా ఉండవలెను అని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఉంది. దాన్ని పట్టుకుని చర్చి గానంలో ఆడవాళ్లకి చోటివ్వలేదు. 16వ శతాబ్దంలో నాలుగైదు గొంతులు కలిసి పాడే సంగీతం బాగా పెరిగింది, దానికి పైస్థాయి గొంతులు కావాలి. పిల్లలు పాడతారు, కానీ నేర్చుకుని పనికొచ్చే వేళకి గొంతు మారిపోతుంది. దొంగగొంతుతో పాడే పెద్దవాళ్లకి అంత పై స్వరాల్లో బలం చాలదు. ఐదవ సిక్స్టస్ పోప్ 1589లో రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి గాయక బృందాన్ని తిరిగి ఏర్పాటు చేస్తూ ఇచ్చిన ఆజ్ఞలో కాస్ట్రాటోలకి చోటిచ్చాడు. 1599కల్లా సిస్టీన్ చాపెల్ బృందంలోనూ వాళ్లు అధికారికంగా చేరారు. ఇదే పోప్ అంతకు రెండేళ్ల ముందు, 1587లో, వృషణాలు లేని మగవాళ్ల పెళ్లి చెల్లదని ఆజ్ఞ ఇచ్చాడు. గొంతు కావాలి గానీ ఆ గొంతున్న మనిషికి ఇల్లూ సంసారం వద్దు. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

17వ శతాబ్దం ఇటలీలో కరువులు, ప్లేగు, యుద్ధాలు. పిల్లలెక్కువ, పొలం తక్కువ. చర్చిలో పాడే ఉద్యోగమంటే జీవితాంతం జీతం. ఇంట్లో ఒక పిల్లాడు బాగా పాడుతున్నాడని ఊరి చర్చి గురువు చెబితే, ఆపరేషన్ ఖర్చు ఏ జమీందారో చర్చో పెట్టుకుంటానంటే, ఒప్పుకున్న తండ్రులున్నారు. ఒక కొడుకుని సన్యాసుల మఠానికి ఇచ్చే కాలమది, దీన్నీ అలాగే చూసుకున్నారు. ఏటా 4,000 మంది పిల్లల్ని ఇలా చేశారని ఇంటర్నెట్లో ఒక అంకె తిరుగుతుంటుంది. ఆ అంకెకి రికార్డుల ఆధారమేమీ లేదు, నమ్మకండి.

ఇంకో విచిత్రం, ఈ ఆపరేషన్ ఎక్కడా చట్టబద్ధం కాదు. చేయించినవాళ్లని చర్చి వెలివేస్తుంది. అందుకే ప్రతి పిల్లాడికీ ఒక కథ ఉండేది. గుర్రం మీంచి పడ్డాడు, అడవిపంది కుమ్మింది, జబ్బు చేసి తియ్యాల్సొచ్చింది. 1770లో ఛార్లెస్ బర్నీ అనే ఇంగ్లీషు సంగీత చరిత్రకారుడు ఇటలీ అంతా తిరిగి, ఇది ఎక్కడ చేస్తారని ఆరా తీశాడు. మిలాన్‌లో అడిగితే వెనిస్‌లో అన్నారు. వెనిస్‌లో బొలోన్యా అన్నారు. బొలోన్యా వాళ్లు కాదు పొమ్మని ఫ్లోరెన్స్ చూపించారు, ఫ్లోరెన్స్ వాళ్లు రోమ్, రోమ్ వాళ్లు నేపుల్స్. ఇటాలియన్లందరికీ దీనంటే ఎంత సిగ్గంటే ప్రతి ఊరూ పక్క ఊరి మీదకి తోసేస్తోందని రాసుకున్నాడాయన. నల్లమందో మరోటో పట్టించి, వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి చేసేవారని ఆనాటి రాతల్లో ఉంది. మన పల్లెల్లో కోడెలకి విత్తులు కొట్టడం చూసినవాళ్లకి ఆ నొప్పి సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆ వయసు పిల్లాడికి తను ఏం పోగొట్టుకుంటున్నాడో అర్థం కూడా కాదు.

కత్తి పని గొంతును ఎదగకుండా ఆపడంతో సరి. దాన్ని పాడే గొంతుగా మలచడానికి ఎనిమిది, పదేళ్ల చాకిరీ పట్టేది. ఎక్కువమంది ఈ సగం మర్చిపోతారు. నేపుల్స్‌లో నాలుగు కన్సర్వటోరియోలు ఉండేవి: శాంతా మరియా ది లొరేతో, పియెతా దెయ్ తుర్కీని, సంత్ ఒనోఫ్రియో, పోవెరి ది జెసూ క్రిస్తో. ఇవి మొదట్లో అనాథ శరణాలయాలు, తర్వాత యూరప్‌కి గాయకుల్ని, స్వరకర్తల్ని ఇచ్చిన బడులయ్యాయి. బర్నీ సంత్ ఒనోఫ్రియో లోపలికి వెళ్లి చూసింది చదివితే ఆ పిల్లల బతుకు కళ్లకు కడుతుంది. ఒకే గదిలో ఏడెనిమిది హార్ప్‌సికార్డులు (పియానో లాంటి పాత మెట్ల వాద్యాలు), వాటికి తోడు వయొలిన్లు, గొంతులు, అన్నీ ఒకేసారి, ఒక్కొక్కరు ఒక్కో పాట. మెట్ల మీద ఒకడు ట్రంపెట్ ఊదుతున్నాడు. పడుకునే మంచాలే వాయించేవాళ్లకి కూర్చునే బల్లలు. చలికాలంలో తెల్లారడానికి రెండు గంటల ముందే లేపి, మధ్యాహ్న భోజనానికి గంటన్నర వదిలి, రాత్రి ఎనిమిదింటిదాకా సాధన. ఏడాదికి సెలవు కొద్ది రోజులే. ఆ బడిలో అప్పుడు 16 మంది కాస్ట్రాటో పిల్లలున్నారట. జలుబు చేస్తుందని భయపడి వాళ్లని మాత్రం పై అంతస్తులో వెచ్చటి గదుల్లో విడిగా పడుకోబెట్టేవారు.

నేను ఆ పదహారు పడకల దగ్గర ఆగిపోతాను. కాస్ట్రాటోల్లో అందరికంటే పేరు మోసిన ఫారినెల్లీ పేరు అందరికీ తెలుసు. ఆ 16 మందిలో ఎంతమంది ఊరి చర్చిలో మిగతావాళ్ల మధ్య పాడుతూ గడిపేశారో, ఎంతమందికి ఇంత చేశాక గొంతే నిలవలేదో! గొంతు బాగుంటుందో లేదో పదేళ్ల వయసులో ఏ గురువూ కచ్చితంగా చెప్పలేడు. ఇన్నేళ్ల అనుభవంతో నేనూ చెప్పలేను.

ఇంత సాధన ఎందుకంటే అప్పటి ఒపేరా అడిగే పని అలాంటిది. పాట మూడు ముక్కలుగా ఉంటుంది: మొదటి భాగం, దానికి భిన్నంగా రెండో భాగం, మళ్లీ మొదటిదే. రెండోసారి వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు పాడితే జనం ఊరుకోరు. త్యాగరాజ కీర్తనలో పల్లవి మీద సంగతి తర్వాత సంగతి వేసుకుంటూ పోయినట్టు, గాయకుడు తన మనోధర్మంతో అలంకరించాలి. మెస్సా ది వోచె అని ఇంకొకటి ఉంది. ఒకే స్వరాన్ని దారంలా సన్నగా మొదలుపెట్టి, మెల్లగా నిండుగా పెంచి, మళ్లీ దారంలా దించాలి, అంతా ఒక్క ఊపిరిలో. నా దగ్గరికొచ్చే శిక్షణ పొందిన గాయకుల చేత చేయిస్తుంటాను, గొంతు ఆరోగ్యానికి దాన్ని మించిన పరీక్ష లేదు.

వీరుడి పాత్రకి ఇంత సన్నటి గొంతేమిటని మీకు అనుమానం రావచ్చు. స్వరకర్త హాండెల్ 1724లో రాసిన 'జూలియో చేజరే' ఒపేరాలో జూలియస్ సీజర్‌గా పాడింది సెనెసీనో అనే కాస్ట్రాటో. పద్యనాటకాలు చూసినవాళ్లకి ఇందులో వింతేమీ ఉండదు. రాయబారం సీనులో కృష్ణుడు హార్మోనియం ఎత్తు శ్రుతి మీద పద్యం అందుకుని చివరి పాదం దగ్గర రాగం తీస్తుంటే, దేవుడి గొంతు ఇంత పైన ఉందేమిటని ఎవరూ అనరు. వన్స్ మోర్ అంటారు. ఆ కాలపు యూరప్‌లోనూ పైస్థాయి గొంతంటే యవ్వనం, బలం, దైవత్వం. బొంగురు గొంతులు ముసలివాళ్లకి, విలన్లకి.

ఫారినెల్లీ గురించి చెప్పకుండా ఉండలేను. అసలు పేరు కార్లో బ్రోస్కీ, 1705లో ఆంద్రియాలో పుట్టాడు, నేపుల్స్‌లో నికోలా పోర్పొరా శిష్యుడు. 1722లో, 17 ఏళ్లప్పుడు, రోమ్‌లో ఒక పాటలో ట్రంపెట్ వాద్యకారుడికీ ఇతనికీ రోజూ పోటీ పడిందని బర్నీ రాశాడు. ఇద్దరూ ఒక్కో స్వరాన్ని పెంచుకుంటూ పోయి, కలిసి కంపితం పట్టి, జనం ఊపిరి బిగబట్టి చూస్తుంటే, ట్రంపెట్ అతను అలిసిపోయి ఆపేశాడు, అవతలివాడూ అయిపోయుంటాడనుకుని. ఫారినెల్లీ చిరునవ్వుతో, అదే ఊపిరిలో, ఇంకా గట్టిగా స్వరం పెంచి, దాని మీద వేగంగా బిరకాలు వేస్తూ పోయాడు. చివరికి జనం కేకలే అతన్ని ఆపాయి. 1734లో లండన్ వెళ్తే 'దేవుడు ఒక్కడే, ఫారినెల్లీ ఒక్కడే' అని ఒకావిడ థియేటర్లోనే అరిచిందంటారు.

1737లో స్పెయిన్ రాణి పిలిపించింది. రాజు ఐదవ ఫిలిప్ తీవ్రమైన మనోవ్యాధితో మంచం దిగడం లేదు, గడ్డం గీయించుకోవడం లేదు, రాజ్యం పట్టించుకోవడం లేదు. పక్కగదిలోంచి ఫారినెల్లీ పాడితే రాజు లేచి కూర్చున్నాడు. ఆ తర్వాత అతను మాడ్రిడ్ ఆస్థానంలో 22 ఏళ్లు ఉండిపోయాడు, ప్రజల వేదిక మీద మళ్లీ పాడలేదు. రాజుకి రాత్రిపూట అవే నాలుగు పాటలు పాడేవాడినని తనతో చెప్పాడని బర్నీ రాశాడు. 32 ఏళ్లకి, గొంతు నిండుగా ఉన్నప్పుడు, ఒక్క రోగి కోసం పాడుతూ ఉండిపోయాడు. డాక్టర్‌గా నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే ఎక్కువగా గుర్తుండేది ఇదే.

అందరికీ అంత గౌరవం దక్కలేదు. తెందూచ్చీ అనే గాయకుడు 1766లో ఐర్లండ్‌లో డొరొతియా అనే అమ్మాయిని పెళ్లి చేసుకుంటే ఆమె తండ్రి అతన్ని జైల్లో పెట్టించాడు, చివరికి ఆ పెళ్లి చెల్లదని తేల్చేశారు.

18వ శతాబ్దం చివరికి అభిరుచి మారింది. నిజమైన మగగొంతు, టెనర్, నాయకుడైంది. ఫ్రెంచి సైన్యాలతో వచ్చిన కొత్త చట్టాలు, కొత్త ఆలోచనలు ఈ ఆచారాన్ని అసహ్యంగా చూశాయి. పేరున్న స్వరకర్త కాస్ట్రాటో కోసం రాసిన చివరి పెద్ద ఒపేరా పాత్ర 1824లో మేయర్‌బేర్ రాసింది, వెల్లూతీ పాడాడు. తర్వాత వాళ్లు చర్చిలోనే మిగిలారు. 1903 నవంబర్లో పదవ పియస్ పోప్, చర్చిలో పైస్థాయి గొంతులు కావాలంటే పిల్లల చేత పాడించండని ఆజ్ఞ ఇచ్చాడు. దాంతో కొత్తవాళ్లకి దారి మూసుకుపోయింది. మీరు విన్న 'ఆవే మరియా' రికార్డు అయింది ఆ ఆజ్ఞ వచ్చిన కొన్ని నెలలకి. మొరెస్కీ 1913 దాకా అక్కడే పాడి, 1922లో రోమ్‌లో చనిపోయాడు. ఆయన గొంతు విని ఫారినెల్లీని కొలవకండి. ఇద్దరి మధ్య 150 ఏళ్లున్నాయి, నేపుల్స్ బడుల ఆ చాకిరీ మొరెస్కీకి దొరకనే లేదు. 1994లో ఫారినెల్లీ మీద వచ్చిన సినిమాలో వినిపించేది కూడా అసలు గొంతు కాదు. ఒక కౌంటర్‌టెనర్, ఒక సొప్రానో (పైస్థాయి ఆడగొంతు) గాయని పాడినవి కంప్యూటర్లో కలిపి చేసిన గొంతు అది.

ఫారినెల్లీ 1782లో బొలోన్యాలో చనిపోయాడు. 2006లో పరిశోధకులు అక్కడి చెర్తోజా శ్మశానంలో ఆయన సమాధి తెరిచారు. ఎముకలు చాలావరకు ముక్కలైపోయాయి. నుదుటి ఎముక లోపలి వైపు గడ్డలుగా మందమై ఉంది. అది ఎక్కువగా ముట్లుడిగిన ఆడవాళ్లలో కనిపించే మార్పు, మగవాళ్లలో అరుదు. ఎముకలు గుల్లబారి ఉన్నాయి. ఆ రిపోర్టులో నేను ఇంకోటి మళ్లీ మళ్లీ చదివాను. తుంటి ఎముక పై అంచున ఎదుగుదల గీత ఇంకా కనిపిస్తోంది. మామూలుగా ఇరవైల్లో మూసుకుపోయే గీత, 77 ఏళ్లు బతికిన మనిషి ఒంట్లో అలాగే ఉంది.